కోడలి ఎత్తు బెల్లం

పాప ఏడుపు నడవ దాటి, వాకిలి దాటి, ముందరి చింతపండు మండీలో బేరమాడుతున్న వాళ్ళ చెవుల్లో పడింది. పిల్లలు మారాం చేసి ఏడ్చే ఏడుపు వేరు, ఆకలికి ఏడ్చే ఏడుపు వేరు. ఆ తేడా తెలియనివాళ్ళు చింతామణి ఊళ్ళో ఎవరూ లేరు. మండీలో బేరం ఆగిపోయింది.

లోపల వంటింట్లో గిరిజమ్మ బేరం మాత్రం ఆగలేదు.

"ఈ గ్లాసుడు తాగెయ్ మీనాక్షీ. మెంతులు నానేసిన నీళ్ళు. ఒంటికి చలవ."

మీనాక్షి గోడకు జారగిలబడి, ఐదో నెల పాపను ఒళ్ళో వేసుకుని కూర్చుంది. పాప రొమ్ము అందుకోవడం, రెండు గుక్కలు లాగి చూడడం, ఏమీ రాక వదిలేసి ఏడవడం. పొద్దు పొడిచినప్పటి నుంచీ ఇదే వరస.

"పాలు పడ్తాలేవు అత్తా. నిన్న కూడా ఇట్లనే. బిడ్డ కడుపు చూడండి, వీపుకంటుకపోయింది."

"శనివారం దాకా ఓర్చుకో. మొక్కు తీర్చే మనిషి ఒంటిపూట నేమం పట్టాల్సిందే. మేకపాలు తెప్పిస్తాలే బిడ్డకు."

"నేమం నాకా, బిడ్డకా?"

గిరిజమ్మ గ్లాసును కోడలి పక్కకు ఇంకొంచెం జరిపింది.

నేమమట నేమం. ఆ ఇంట్లో పిల్లికి కూడా తెలుసు అది నేమం కాదని. ముందటేడు మీనాక్షికి విషజ్వరం వచ్చి, బతుకుతుందో లేదో అన్నప్పుడు ఈ గిరిజమ్మే బాగేపల్లి దారిలో కొండ కింది వెంకటరమణస్వామికి మొక్కుకుంది, కోడలి ఎత్తు బెల్లం ఇచ్చుకుంటానని. ఆ రోజు మీనాక్షి మంచంలో ఉందా లేదా అని దుప్పటి ఎత్తి చూడవలసినంత సన్నగా ఉంది. స్వామి దయ తలిచాడు. జ్వరం తగ్గింది, తిండి ఒంటబట్టింది, పాప పుట్టింది. పురిటి మందులూ నేతి ముద్దలూ తిన్నాక మీనాక్షి గుమ్మంలో నిలబడితే వెనక ఉన్నవాళ్ళు కనిపించడం మానేశారు.

అప్పటి నుంచి గిరిజమ్మ ఆ మొక్కు మాటే ఎత్తడం లేదు. ఎత్తకపోతే ఊరుకుంటారా? పాపకు పుట్టువెంట్రుకలు తీయించాలంటే పాత మొక్కు తీరి ఉండాలని పూజారి కబురు చేశాడు. శనివారం ముహూర్తం. గుడి కాటాలో ఒక పక్క కోడలు, ఒక పక్క బెల్లం. చుట్టూ జనం. పైగా ఆ వేడుక చూడడానికి చిక్కబళ్ళాపురం నుంచి కూతురి అత్తగారు, వియ్యపురాలు నాగరత్నమ్మ కూడా వచ్చి కూర్చుంది. దేవుడికిచ్చిన మాట తగ్గించడానికి లేదు కాబట్టి గిరిజమ్మ కోడల్ని తగ్గించడం మొదలుపెట్టింది.

"మెంతినీళ్ళ కంటే ఉలవకట్టు మేలు వదినా" అంది నాగరత్నమ్మ, గడప మీద కూర్చుని వక్క నములుతూ. "మా జయను చూడండి. మా ఇంటికి వచ్చినప్పుడు ఎట్లుండె, ఇప్పుడెట్లుండాది? మొన్న పెండ్లిలో అందరూ అడిగేవాళ్ళే, మీ కోడలు ఏం తింటాదని."

జయలక్ష్మి గిరిజమ్మ కూతురే. అత్త వెంట మొన్నటి బస్సుకు పుట్టింటికి వచ్చింది. ఒక మూల కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది. అత్త పొగడ్తకు తలెత్తి నవ్వింది. నవ్వితే బుగ్గలు లోపలికి పోయాయి.

"మా బెంగుళూరు డాక్టరు కచ్చితంగా చెప్పినాడు" నాగరత్నమ్మ వదల్లేదు. "ఒళ్ళుంటే కడుపు పండదంట."

"మరి నాకు పండింది కదమ్మా" అంది మీనాక్షి.

నాగరత్నమ్మ వక్క నమలడం ఆపింది. గిరిజమ్మ కోడలి వైపు చూసిన చూపుకు పచ్చిగడ్డి వేస్తే భగ్గుమంటుంది.

"పెద్దోళ్ళతో మాట్లాడే తీరు అదేనా?"

మీనాక్షి పాపను భుజాన వేసుకుని లేచింది. లేచిందే గానీ నిలబడలేకపోయింది. కళ్ళు బైర్లు కమ్మాయి. జయ చేతిలో చాట అక్కడే పడేసి ఒక్క అంగలో వచ్చి పాపను అందుకుంది. మీనాక్షి గోడ పట్టుకుని జారి, అనపకాయల మీదే కూలబడింది.

ఆ చప్పుడుకు మామ అశ్వత్థప్ప మండీలోంచి లేచి వచ్చాడు. కిలో రాళ్ళు వచ్చి ఎంత కాలమైనా ఆయన నోట ఇంకా మణుగులూ శేర్లే. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. కోడల్నీ, గ్లాసునీ, భార్యనీ వరసగా చూశాడు.

"ఏం జరిగిందీడ?"

"ఏం లేదు. ఎండదెబ్బ" అంది గిరిజమ్మ.

"పుష్యమాసంలోనా?"

పాప ఒక్కతే ఏడుస్తోంది.

"ఏమ్మా మీనాక్షీ, పొద్దున్నించీ ఏం తింటివి?"

మీనాక్షి అత్త ముఖం వైపు చూసి తల వంచుకుంది. చెప్పింది జయ.

"గ్లాసుడు గంజి నాయనా. నిన్న కూడా అంతే. నిన్న రేతిరి ఉలవకట్టు."

అంత చిన్న గొంతుతో చెప్పినా ఆ మాట అందరికీ వినిపించింది. నాగరత్నమ్మ గొంతు సవరించుకుంది. అశ్వత్థప్ప భార్య వైపు తిరిగాడు.

"నాకు తలనెరిసింది ఆ మండీలోనే గిరిజా. చింతపండు మీద నీళ్ళు చల్లి బరువు పెంచేటోళ్ళను చూసినా. బెల్లంలో ఇసుక కలిపేటోళ్ళను చూసినా. బతికుండే మనిషిని ఎండగట్టి తూకం తగ్గించేదాన్ని మాత్రం నా ఇంట్లోనే చూస్తాండా. అదీ దేవుని కాటాలో."

"నేనేమన్నా నాకోసం దాచుకుంటినా?" అంది గిరిజమ్మ. "కాటాలో కూచుంటే నలుగురూ నవ్వరా? దాని పరువు కోసమే కదా నేను చేసింది?"

"ఊరి నోరు మూయించేకి కోడలి నోరు కట్టేస్తివి. మూసేది బిడ్డ కళ్ళయితే ఏం చేద్దువు?"

ఆ మాట అనకూడని మాటే. అన్నాక ఆయనకే తెలిసింది. గిరిజమ్మ మొహం పాలిపోయింది. పాపను చూడబోయి, చూడలేక, పొయ్యి వైపు తిరిగింది.

"సంగటి కెలికి పెట్టండి మీనాక్షికి" అని ఆయన మండీలోకి వెళ్ళిపోయాడు.

గిరిజమ్మ కదల్లేదు. నాగరత్నమ్మ ఎందుకు కదులుతుంది? పొయ్యి మీద ఎసరు లేదు, మూలన రాగిపిండి డబ్బా ఉంది. నలుగురాడవాళ్ళ మధ్య ఎవరూ ముట్టుకోని ఆ డబ్బా వైపు మీనాక్షి కొంతసేపు చూసింది. తర్వాత గోడ పట్టుకుని తనే లేచింది. ఎసరు పెట్టింది. పిండి పోసింది. కట్టె పట్టి కెలికింది. ఉండలు కట్టనివ్వలేదు. ముద్ద చేసి కంచంలో వేసి, పది రోజులుగా వాసన మాత్రమే చూస్తున్న అనపగింజల పితికిపప్పు పులుసు ముద్ద నడిమి గుంటలో పోసింది.

"అత్తా, నెయ్యి గిన్నె ఇట్ల ఇయ్యండి."

గిరిజమ్మ తల తిప్పకుండానే గిన్నె జరిపింది.

మీనాక్షి తింది. దాక్కుని కాదు, వంటింటి మధ్యన పీట వేసుకుని, అత్త చూస్తుండగా, వియ్యపురాలు చూస్తుండగా తింది. మొదటి ముద్ద మింగినప్పుడు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెండో ముద్దకు తుడుచుకుంది. ఆ తర్వాత తుడుచుకోవడానికి తీరిక లేదు. అమ్మయ్యా, ఆకలిగొన్న బాలింత అన్నం తింటుంటే చూడడానికి ఎంత బాగుంటుందో, అది చూడలేని కళ్ళున్నవాళ్ళకు ఏం చెబుతాం?

"జయా, రా. నువ్వూ కంచం పెట్టుకో" అంది మధ్యలో.

"దానికి పొద్దున్నే అయిపోయింది" అంది నాగరత్నమ్మ.

"నాకు ఆకలి లేదు వదినా" అంది జయ.

మీనాక్షి మొహం చూసి చెప్పలేదా మాట. ఒళ్ళోని పాపను చూస్తూ చెప్పింది. మీనాక్షి చేతిలో ముద్ద అలాగే పట్టుకుని ఆడబిడ్డ మెడ వైపు చూసింది. గుటక మింగినప్పుడు ఆ మెడలో ఎముకలు కదలడం చూసింది.

సాయంత్రానికి పాలు పడ్డాయి. పాప తాగి, తాగి, తల్లి పైట పట్టుకునే నిద్రపోయింది.

* * *

దీపాలు పెట్టే వేళకు మీనాక్షి మొగుడు పట్టాభిరామ వచ్చాడు. బాగేపల్లి సంతలో శనక్కాయల బేరానికి పోయిన మనిషి. జరిగిందంతా తండ్రి నోట వినే లోపలికి వచ్చాడు. పాప పక్కన కూర్చుని, దాని అరికాలు వేలితో రాస్తూ మీనాక్షిని అడిగాడు.

"ఒక మాట చెప్తా, వింటావా?"

"చెప్పండి."

"బెల్లం మూటలు గుళ్ళో ఇచ్చేసి వద్దాము. ఒకటి ఎక్కువే ఇద్దాము. నువ్వు కాటా ఎక్కే పన్లేదు."

"ఏంటికి?"

"అందరూ చూస్తారు."

"ఏం చూస్తారు?"

పట్టాభిరామ పాప కాలు వదిలేశాడు.

"నన్ను చూస్తారు, అంతే కదా" అంది మీనాక్షి. "మీరు రోజూ చూసేదాన్నే. మీకేమన్నా కష్టంగా ఉండాదా?"

"నాకేం కష్టం? నాకేం లేదు."

"మరి?"

"సంతలో ఆ పిళ్ళప్ప ఉండాడు కదా, నూనె గానుగ పిళ్ళప్ప. పదిమందిలో అనె. ఏం పట్టాభీ, శనివారం నీ పెండ్లాం కాటా ఎక్కితే తాలూకాలో బెల్లం మిగులుతాదా అని."

మీనాక్షి ఆ మాటకు అదరలేదు, బెదరలేదు. అలాంటివి వినీ వినీ చెవులు మొద్దుబారాయి. ఆమె అడిగింది ఇంకోటి.

"దానికి మీరేమంటిరి?"

పట్టాభిరామ దీపం వైపు చూశాడు.

"చెప్పండి. ఏమంటిరి?"

"నవ్వితి."

ఆమె ఏడ్చినా బాగుండును, తిట్టినా బాగుండును. మీనాక్షి పాప మీద దుప్పటి సరిచేసింది. దుప్పటి సరిగానే ఉంది, మళ్ళీ సరిచేసింది.

"ఈ బిడ్డది నా ఒళ్ళే. అందరూ అంటాండారు, అచ్చం అమ్మ పోలికని. రేపు ఇది ఎదిగినాంక దీన్ని చూసి కూడా ఎవడో ఒకడు అంటాడు. అప్పుడు కూడా నవ్వుతారా?"

"మీనాక్షీ..."

"నేను కాటా ఎక్కుతా. మొక్కింది అత్త, బతికింది నేను. మీకు సిగ్గనిపిస్తే దూరంగా నిలబడండి. నాకేం కోపం లేదు."

కోపం లేదన్న మాట పట్టాభిరామకు చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది. ఆ రోజు అతడు అన్నం దగ్గర కూర్చున్నాడు గానీ సరిగా తినలేదు.

* * *

శనివారం. గుడి ముందర మంటపంలో రాతి దూలానికి ఇనుప గొలుసులతో కాటా వేలాడుతోంది. బండి చక్రమంత చెక్క తట్టలు రెండు. మొక్కు మనిషి ఒకసారి కూర్చుంటే తూకం సరిపోయే దాకా కాలు కింద పెట్టకూడదని అక్కడి కట్టుబాటు. పెడితే మొక్కు మళ్ళీ మొదటికి వస్తుంది. అంతసేపు తట్టలో ఎవరూ కూర్చోరు కాబట్టి ఆ కట్టుబాటుతో ఇంతవరకూ ఎవరికీ ఇబ్బంది రాలేదు.

మీనాక్షి పొద్దున్నే కడుపునిండా తిని, ఎర్ర పట్టుచీర కట్టి, ఇన్ని పూలు పెట్టుకుని వచ్చింది. జనం దారి ఇచ్చారు. కొందరు మోచేత్తో పొడుచుకున్నారు. ఆమె స్వామికి దండం పెట్టి, తట్టలో మఠం వేసుకుని కూర్చుంది. గొలుసులు కిర్రుమన్నాయి. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

బెల్లం అచ్చులు ఒక్కొక్కటిగా రెండో తట్టలోకి వెళ్తున్నాయి. మొదటి మూట అయింది. రెండోది అయింది. చివరి మూట కూడా విప్పారు. అయిపోయింది. మీనాక్షి కూర్చున్న తట్ట నేల విడవలేదు.

జరిగిందేమంటే, ఆ మూటలు గిరిజమ్మ లెక్క ప్రకారం కట్టించినవి. పదిహేను రోజుల మెంతినీళ్ళకు కోడలు ఎంత కరగాలో మనసులో తూకం వేసుకుని, అంతకే కట్టించింది. వ్యాపారస్తుల ఇంటి ఇల్లాలే, పంట రాకముందే అమ్ముకున్నట్టయింది. తీరా ఆ రోజు వంటింటి గలాటలో అశ్వత్థప్పకు ఈ సంగతి చెప్పడం మరిచిపోయింది.

"ఇన్నూ బెల్ల బేకేనమ్మా?" అని ఎవరో కన్నడంలో అడిగారు, ఇంకా బెల్లం కావాలా తల్లీ అని. ఈసారి నవ్వు దాచుకోలేదు జనం. మంటపమంతా నవ్వింది. గానుగ పిళ్ళప్ప నవ్వు అందరికంటే ముందు వినిపించింది.

గిరిజమ్మ ముఖం కందగడ్డయింది. గబగబా కోడలి దగ్గరకు వచ్చింది.

"దిగు మీనాక్షీ. వచ్చే శనివారం చూసుకుందాము. దిగు."

"దిగితే మొక్కు మొదటికొస్తాది తల్లీ" అన్నాడు పూజారి.

"నేను దిగను" అంది మీనాక్షి.

"నీకు సిగ్గు లేదా?"

"లేదత్తా. బెల్లం తెప్పించండి. నేనీడనే కూచుంటా."

అంత నెమ్మదిగా చెప్పింది. నవ్వుతున్నవాళ్ళు ఆమె కళ్ళ నీళ్ళు పెట్టుకుంటుందేమోనని చూశారు. పెట్టుకోలేదు. పైట సర్దుకుని, వాళ్ళ వైపు తిరిగి చూసింది. చూపు తిప్పుకున్నది వాళ్ళే.

జనం చివర నిలబడ్డ పట్టాభిరామ ఇదంతా చూస్తున్నాడు. దూరంగా నిలబడమని ఆమె అన్నందుకే నిలబడ్డాడు. అతడు ఒకసారి తండ్రి వైపు చూశాడు. తర్వాత ఎవరితోనూ మాట్లాడకుండా గుడి బయట అంగళ్ళ వైపు నడిచాడు.

ఇంతలో జయ చేతిలోని పాప లేచి ఏడుపందుకుంది. "ఇట్ల తే" అని మీనాక్షి చేతులు చాచింది.

"బిడ్డ బరువు కూడా కలుస్తాదే" అన్నాడు పూజారి.

"కలవనీ స్వామీ."

తట్టలో కూర్చునే పైట చాటున పాపకు పాలిచ్చింది. పాప గుటకలు వేసే చప్పుడు దగ్గరున్నవాళ్ళకు వినిపించింది. కాసేపటికి ఏడుపు ఆగింది. దానితోపాటు నవ్వులూ ఆగాయి. పాలు తాగే బిడ్డను చూసి నవ్వేంత పాపిష్టి మనుషులు ఎక్కడా ఉండరు.

నాగరత్నమ్మ మాత్రం వియ్యపురాలి చెవి కొరికింది. "ఎంత అవమానం వదినా. మా ఊరోళ్ళు కూడా వచ్చిండారు. నేను రేపు చిక్కబళ్ళాపురంలో తలెట్ల ఎత్తుకునేది?"

పక్కనున్న ముసలమ్మ ఒకామె గిరిజమ్మను అడిగింది. "ఏమని మొక్కితివమ్మా, ఇంత పెద్ద మొక్కు?"

గిరిజమ్మ కోడలి వైపు చూసింది. ఎర్ర చీరలో, పాపను ఒళ్ళో పెట్టుకుని, రవంత కూడా వంగకుండా కూర్చుని ఉంది మీనాక్షి.

"విషజ్వరం వచ్చిండెనమ్మా దీనికి. నేనొక్కదాన్నే రెండు చేతుల్లో ఎత్తుకుని పెరట్లోకి తీసకపోతా ఉంటి. ఎండు కందికంప ఎత్తుకున్నట్లుండె. ఎముకలు నాకు గుచ్చుకుంటా ఉండె. అప్పుడు మొక్కినా. స్వామీ, దీనికి ఒళ్ళు రానీ. ఎంత ఒళ్ళు వస్తే అంత బెల్లం ఇస్తా అని."

ముసలమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "ఒళ్ళు రానీ అంటివా?"

"అంటి. ఆయప్ప ఇచ్చినాడు. అడిగిందానికంటే ఎక్కువే ఇచ్చినాడు. నేను పాపిష్టిదాన్ని, ఎక్కువిచ్చినావని ఆయప్పతోనే తగువు పెట్టుకుంటి."

చెప్పి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అందరి ముందర అంది ఆ మాట, కోడలికి వినబడేట్టు అంది. మీనాక్షి తలెత్తింది. అత్తాకోడళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. అన్ని రోజుల తర్వాత అదే మొదటి సరైన చూపు.

గిరిజమ్మ నాగరత్నమ్మ వైపు తిరిగింది. "తలెట్ల ఎత్తుకునేదని అడిగితిరి కదా వదినా. నా కోడల్ని చూసి నేర్చుకోండి."

అప్పుడే జనంలో కలకలం. పట్టాభిరామ వస్తున్నాడు. కూలివాడిని పెట్టుకోలేదు, బెల్లం మూట తన భుజాన వేసుకుని, తెల్ల చొక్కా పాడవుతున్నా చూసుకోకుండా వస్తున్నాడు. పిళ్ళప్ప పక్కనుంచే రావలసి వచ్చింది.

"ఏం పట్టాభీ, అంగడి ఖాళీనా?"

పట్టాభిరామ ఆగాడు. మూట దించలేదు.

"ఖాళీనే. నా పెండ్లాం ఎత్తు బెల్లం ఇది పిళ్ళప్పన్నా. చావు నోట్లోంచి లేచొచ్చిన ఒళ్ళు అది. నవ్వేదుంటే నా మొహం చూసి నవ్వు."

పిళ్ళప్ప నవ్వలేదు. ఒకడుగు వెనక్కి వేసి దారి ఇచ్చాడు. మీనాక్షి అదంతా విన్నది. అంతవరకు తడవని కళ్ళు అప్పుడు తడిశాయి.

మూట విప్పి అచ్చులు వేయడం మొదలుపెట్టారు. తట్ట కొంచెం కదిలింది. ఇంకొకటి. గొలుసులు కిర్రుమన్నాయి. ఇంకొకటి. "ఆగండి" అని గిరిజమ్మ ముందుకొచ్చి, చివరి అచ్చు రెండు చేతులా ఎత్తి తనే వేసింది. మీనాక్షీ పాపా కూర్చున్న తట్ట నేల విడిచి పైకి లేచింది. బెల్లం తట్టకు సమంగా వచ్చి నిలిచింది.

"గోవిందా" అన్నాడు పూజారి. "గోవిందా" అని మంటపమంతా మోగింది. నవ్విన నోళ్ళే అన్నాయి, నవ్విన దానికంటే గట్టిగా అన్నాయి. ముసలమ్మ వచ్చి మీనాక్షికి దిష్టి తీసి మెటికలు విరిచింది. మీనాక్షి తట్ట దిగి, పాపను మొగుడి చేతికిచ్చి, నిలబడి అందరినీ చూసి నవ్వింది. ఆ నవ్వులో గెలిచిన గర్వం ఉంది. ఉండనీండి, ఆమె సంపాదించుకున్నదే.

వేడుక అయిపోయిందనుకుని జనం కదులుతున్నారు. అప్పుడు జయ చెప్పులు విడిచి కాటా దగ్గరకు వచ్చింది. గాలిలో ఊగుతున్న ఖాళీ తట్ట అంచు రెండు చేతులా పట్టుకుని ఎక్కి అందులో కూర్చుంది.

"ఏమే జయా, అదేం పని? మొక్కుండేటోళ్ళు ఎక్కేది అది" అంది నాగరత్నమ్మ.

"నేను కూడా చూసుకుంటా అత్తా. మా వదినను ఇంతమంది చూసినారు. నన్నెవరూ చూడలేదు."

జయ కూర్చున్నా ఆ తట్ట కిందికి దిగలేదు, గాలిలోనే ఉండిపోయింది. ఎదుటి తట్ట బెల్లంతో నేలను తాకి ఉంది.

ఎవరూ ఏమీ చెప్పకుండానే గిరిజమ్మ వంగి ఒక అచ్చు తీసి కింద పెట్టింది. జయ తట్ట కదల్లేదు. ఇంకొకటి తీసింది. ఇంకొకటి. తీసేకొద్దీ గిరిజమ్మ చేతులు తొందరపడ్డాయి, అయినా కూతురు గాలిలోనే ఉంది. కింద కుప్ప పెరిగింది. తట్టలో బెల్లం అడుగంటుతోంది. ఎట్టకేలకు తూకం సరిపోయినప్పుడు గిరిజమ్మ చేతిలో ఉన్న అచ్చు జారి కింద పడింది.

"పెండ్లినాటికి ఇట్ల లేవే జయా. ఏం తింటాండావు తల్లీ నువ్వు?"

"పొద్దున గంజి. రేతిరికి ఉలవకట్టు."

గిరిజమ్మ ఆ రాతి నేల మీద కూర్చుండిపోయింది. తను కోడలికి పోసిన గంజీ, ఉలవకట్టూ అవేనని ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు.

"దాని మంచికే కదా వదినా" అంది నాగరత్నమ్మ. "డాక్టరు చెప్తేనే..."

"నేనూ అదే అంటి వదినా" అంది గిరిజమ్మ. "దాని మంచికే అంటి."

మీనాక్షి ఆడబిడ్డను చెయ్యి పట్టి దించింది. ఆ చెయ్యి వదలకుండానే పూజారి వైపు తిరిగి, "స్వామీ, మొక్కు తీరింది కదా, ప్రసాదమియ్యండి" అంది. పూజారి ఒక అచ్చు రాతికి కొట్టి, పెద్ద ముక్క మీనాక్షి చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని జయ దోసిట్లో వేసింది.

"తిను."

జయ ఆ ముక్కను చూస్తూ నిలబడింది. నాగరత్నమ్మ సంచి చంకకు తగిలించుకుంది.

"బస్సుకు టైమవుతాది. జయా, చెప్పులు తొడుక్కో. మీ ఆయనకు సాయంత్రానికి వస్తామని చెప్పి వచ్చినా. నువ్వు రాకపోతే ఏమంటాడో తెలుసు కదా? మళ్ళీ ఆ గడప తొక్కనిస్తాడో లేదో కూడా తెలుసు కదా?"

గిరిజమ్మ మాట్లాడబోయింది. మీనాక్షి అత్త భుజం మీద చెయ్యి వేసి ఆపింది. చెప్పవలసింది వాళ్ళు కాదు. అశ్వత్థప్ప, పట్టాభిరామ, పూజారి, అందరూ జయ వైపే చూస్తున్నారు.

జయ బెల్లం ముక్క మొత్తం నోట్లో పెట్టుకుంది. రెండు బుగ్గలూ ఉబ్బాయి. నిదానంగా నమిలింది. అత్త కళ్ళలోకి సూటిగా చూసింది.

"మీరు పోండత్తా" అంది. "నేను తింటాండా."